ఉన్నత పాఠశాలా విద్యార్థులు - పరిశోధనావకాశములు

పరిశోధన యన్న మాట వినగానే మనకు స్ఫురించునది విశ్వవిద్యాలయము. ఎం. ఏ. పట్టము పొందిన పిదప ఒక పర్యవేక్షకుని యొద్ద చేరి, నాలుగైదేండ్లు శ్రమించి, సిద్ధాంతవ్యాసమును సమర్పించుటయే పరిశోధన యని మన వాడుక. పదునాలుగు పదునైదేండ్ల బాలబాలికలకు దీనితో సంబంధము కలదని మనము సాధారణముగ తలపము. వారు నేర్చుకొనవలసినవారే గాని కనుగొనవలసినవారు కారని మన యభిప్రాయము. ఈ యభిప్రాయము ఎంతవఱకు సమంజసమో విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

ఉన్నత పాఠశాలలలో చదువువారి కొఱకు ఏర్పడిన పరిశోధకవృత్తులు, వేతనములు, వేసవి శిబిరములు, పోటీలు మన దేశమునను విదేశములందును ఎనిమిది దశాబ్దులుగా ఉన్నవి. వాని చరిత్రను పరిశీలించినచో రెండు మార్గములు కనబడును. మొదటిది ప్రతిభ గలవారిని పరీక్ష ద్వారా ఏరి వారికి వేతన మిచ్చు మార్గము. రెండవది సమాధానము ముందుగ తెలియని ప్రశ్నను విద్యార్థి చేతికిచ్చి పని చేయించు మార్గము. మొదటిది ప్రతిభాన్వేషణము; రెండవది పరిశోధన. ఈ రెండును తఱచుగ ఒకే పేరుతో వ్యవహరింపబడుచుండుటచేత భేదము మఱుగుపడుచున్నది. మన దేశములో ఏమి జరిగినదో, ఇతరదేశములలో ఏమి జరిగినదో తెలిసికొన్నచో, తెలుగు శాఖలు చేయదగిన పని యేదో మనకు స్పష్టమగును.

అమెరికాలో

అమెరికాలో సామాన్యజనులకు విజ్ఞానశాస్త్రమును పరిచయము చేయుటకై 1921లో సైన్స్ సర్వీస్ అను సంస్థ ఏర్పడెను. నేడు దానిని సొసైటీ ఫర్ సైన్స్ అందురు. ఈ సంస్థ 1942లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ద్రవ్యసహాయముతో, ఉన్నత పాఠశాల చివరి తరగతి విద్యార్థుల కొఱకు సైన్స్ టాలెంట్ సెర్చ్ అను పోటీని నెలకొల్పెను. 1998 నుండి ఇంటెల్ కంపెనీయు, 2017 నుండి రీజెనెరాన్ కంపెనీయు దీనికి పోషకులైరి. తొలిదినములలో అభిరుచిపరీక్షకును వ్యాసమునకును ప్రాధాన్య ముండెను. కాలక్రమమున పరీక్ష వెనుకకు పోయి, విద్యార్థి స్వయముగ చేసిన పరిశోధనను వివరించు నివేదిక ముందునకు వచ్చెను. నేటి పద్ధతిలో మొదట 300 మందిని, వారిలోనుండి 40 మందిని ఎన్నుదురు. ఆ నలువదిమందిని వాషింగ్టన్ నగరమునకు రప్పించి శాస్త్రజ్ఞులు ప్రశ్నింతురు. ప్రథమ పారితోషికము 2,50,000 డాలర్లు. 1947లో ఈ పోటీలో తుదివఱకు నిలిచిన లియోన్ కూపర్ 1972లోను, 1950లో నిలిచిన షెల్డన్ గ్లాషో 1979లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమును పొందిరి. ఆ యిరువురును న్యూయార్కు నగరములోని ఒకే ఉన్నత పాఠశాలలో చదివినవారు. ఆ పాఠశాల పేరు బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్. ఇందు మనము గమనింపదగిన దొకటి కలదు. వ్యక్తి ప్రతిభతోపాటు పాఠశాలలో పని చేయుటకు తగిన వాతావరణముండుట కూడ అవసరమే.

వేసవి శిబిరములలో పేరెన్నికగన్నది రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్. ఇది 1984లో ప్రారంభమైనది. ఎంపికైన విద్యార్థులు ఆఱు వారములు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నివసించి, ఒక్కొక్కరు ఒక్కొక్క మార్గదర్శకుని యొద్ద ఒక సమస్యపై పని చేసి, చివర వ్యాసము వ్రాసి సభలో వినిపింతురు. విద్యార్థులనుండి బోధనకు గాని నివాసమునకు గాని రుసుము పుచ్చుకొనరు.

ఈ చివరి నియమము ముఖ్యమైనది. ఏలయన ఇటీవలి సంవత్సరములలో పాఠశాలా విద్యార్థులకు పరిశోధనానుభవమును కల్పింతుమని చెప్పి పెద్దమొత్తములు రుసుముగ గ్రహించు వ్యాపారసంస్థలు పలుదేశములలో బయలుదేరినవి. విదేశ విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకు ఉపకరించు ప్రమాణపత్రమే వానివలన కలుగు ముఖ్యఫలము. తల్లిదండ్రులు ఉపాధ్యాయుల సలహా కోరినపుడు మూడు ప్రశ్నలు వేయుట మేలు. ద్రవ్యము నిచ్చుచున్న దెవరు? ప్రశ్నను ఎన్నుకొన్న దెవరు? తేలిన ఫలితము ఎవరికి చేరును? ద్రవ్యమును విద్యార్థియే ఇచ్చుచు, ప్రశ్న ముందుగనే సిద్ధమైయుండి, ఫలితము ప్రమాణపత్రమునకే పరిమితమైనచో అది పరిశోధన కాదు.

మన దేశములో

మన దేశమున ఈ విషయమై జరిగిన మొదటి పెద్ద ప్రయత్నము జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ పథకము. దీనిని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో ప్రారంభించెను. మొదటి సంవత్సరము ఇది ఢిల్లీకే పరిమితమై, పదునొకండవ తరగతి విద్యార్థులకు 10 వేతనములు మాత్రమే ఇయ్యబడెను. 1964లో దేశమంతటికి విస్తరించి వేతనముల సంఖ్య 350 ఆయెను. అప్పటి ఎంపికలో నాలుగు అంగములుండెను. అవి అభిరుచిపరీక్ష, ఒక శాస్త్రవిషయముపై వ్యాసము, విద్యార్థి స్వయముగ చేసిన పనిని గుఱించిన నివేదిక, ముఖాముఖి పరీక్ష. వ్రాతపరీక్షకు వచ్చునపుడే విద్యార్థి తన నివేదికను వెంట తెచ్చి సమర్పింపవలసియుండెను. ఎన్నికైనవారికి మౌలిక శాస్త్రములలో డాక్టరేటు పట్టమువఱకు సహాయము లభించుచుండెను. అనగా ఈ పథకమును నిర్మించినవారు పరీక్షను నమ్మిరి గాని పరీక్షనొక్కదానినే నమ్మలేదు.

1976లో పథకము మాఱినది. పది తరగతులు, పిదప రెండేండ్లు, ఆ పిదప మూడేండ్లు అను క్రొత్త విద్యావిధానమునకు అనుగుణముగ దీనిని జాతీయ ప్రతిభాన్వేషణ పథకముగ మార్చిరి. సాంఘికశాస్త్రములు, ఇంజనీరింగు, వైద్యము కూడ దీని పరిధిలోనికి వచ్చెను. వేతనములు 500 ఆయెను. పరిధి విస్తరించుట మంచిదే. కాని అదే సమయమున వ్యాసమును, నివేదికయు తొలగిపోయెను. వాని స్థానమున, ఇచ్చిన సమాధానములలో సరియైనదానిని గుర్తించు పరీక్షలు రెండు వచ్చెను. అభ్యర్థులు అధికముగ నున్నపుడు వేలకొలది నివేదికలను చదువుట కష్టము. గుర్తులను లెక్కించుట సులభము. పాలనాసౌకర్యమే ఈ మార్పునకు కారణమని ఊహింపవచ్చును. 1983లో వేతనములు 750 ఆయెను. 1985లో ఎంపిక రెండంచెలదై, మొదటి యంచె రాష్ట్రముల చేతికి వచ్చెను. తరువాతి కాలమున వేతనముల సంఖ్య వేయికిని, ఆపై రెండువేలకును పెరిగెను. పదునొకండు, పండ్రెండు తరగతులలో నెలకు 1,250 రూపాయలు, పట్టపరీక్ష చదువునపుడు 2,000 రూపాయలు వేతనముగ నిచ్చుచుండిరి. 2021 మార్చి తరువాత పొడిగింపు లభింపక పరీక్షలు నిలిచిపోయినవి.

కేంద్రప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగము 1999లో కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన యోజన యను మఱొక పథకమును ప్రారంభించెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దీనిని నడపెను. పదునొకండవ తరగతి మొదలు పట్టపరీక్ష మొదటి సంవత్సరమువఱకు చదువుచున్నవారు దీనికి అర్హులు. ఎన్నికైనవారు మౌలిక శాస్త్రములలో పట్టపరీక్షకు చేరిన పిదప నెలకు 5,000 రూపాయలు, ఎం. ఎస్‌సి. స్థాయిలో 7,000 రూపాయలు పరిశోధకవృత్తి పొందుచుండిరి. వేసవి శిబిరములలో శాస్త్రజ్ఞులను కలిసికొను అవకాశమును వారికుండెను. ఈ వృత్తివలన ఎందఱో యువకులు మౌలిక శాస్త్రములలో నిలిచిరి. ఐనను దీని ద్వారము వద్ద నిలిచినది పరీక్షయే. ఆ పరీక్షకై ప్రత్యేక శిక్షణ నిచ్చు సంస్థలు బయలుదేరినవి. 2022లో ఈ పథకము ఇన్‌స్పైర్ అను పథకమున విలీనమయ్యెను.

రెండు దేశముల చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక విషయము తేటపడును. అమెరికాలోని పోటీ పరీక్షతో మొదలై నివేదికకు చేరెను. మనది నివేదికతో మొదలై పరీక్షకు చేరెను. పరీక్షవలన ప్రయోజనము లేదనుట నా యభిప్రాయము కాదు. అది అందఱికి ఒకే కొలత. పక్షపాతమునకు చోటు తక్కువ. కాని సమాధానము ముందే నిర్ణయింపబడిన ప్రశ్నలకే అది పరిమితము. పరిశోధకునికి కావలసిన గుణములలో మొదటిది సమాధానము లేనిచోట నిలిచి ఓర్పుతో వెదకుట. ఈ గుణమును గుర్తులను లెక్కించు పరీక్ష కొలువలేదు. శిక్షణాలయములున్న పట్టణములవారికి పరీక్ష అనుకూలమై, అవి లేని గ్రామములవారికి ప్రతికూలమగుట కూడ మన మెఱిగినదే.

పని చేయించు పథకములు మన దేశమున లేకపోలేదు. 1993లో ప్రారంభమైన జాతీయ బాలల విజ్ఞానశాస్త్ర సమ్మేళనము ఇట్టిది. పదేండ్లు మొదలు పదునేడేండ్లవఱకు గల బాలబాలికలు చిన్న బృందములుగ ఏర్పడి, ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వమున, తమ ఊరిలోనే ఉన్న సమస్య నొకదానిని తీసికొని పరిశీలించుట దీని నియమము. చెఱువునీరు, పంటలు, ఇంటి చెత్త మున్నగునవి వారికి విషయములైనవి. నివేదికను మాతృభాషలో వ్రాయుటకు వీలుండుట దీని విశేషము. ఇన్‌స్పైర్ పథకములోని మానక్ అను శాఖలో విద్యార్థి ఒక క్రొత్త ఊహను వ్రాసి పంపవలెను. ఎన్నికైనచో దానికి రూప మిచ్చుటకు 10,000 రూపాయలు లభించును. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2019లో తొమ్మిదవ తరగతి విద్యార్థుల కొఱకు యువిక అను శిబిరమును ప్రారంభించెను. ఇందు ఎంపికకు గ్రామీణ పాఠశాలలవారికి అదనపు గుర్తింపు నిచ్చుచున్నారు. తెలుగు విద్యార్థులకు దీనిలో ఒక సౌలభ్యము కలదు. శిబిరము నడచు కేంద్రములలో శ్రీహరికోట యొకటి.

భాషకు చోటెక్కడ?

ఇంతవఱకు చెప్పిన అవకాశములలో దాదాపు అన్నియు ప్రకృతిశాస్త్రములకు సంబంధించినవే. భాష, సాహిత్యము, చరిత్ర యందు ఆసక్తి గల బాలునికి మన మిచ్చు అవకాశమేమి? వక్తృత్వపు పోటీ, వ్యాసరచన పోటీ, పద్యపఠనము. ఇవి మంచివే. కాని వీనిలో ఏదియు విద్యార్థిని క్రొత్త విషయమును కనుగొమ్మని కోరదు.

భాషాశాస్త్రమున ఒక మినహాయింపు కలదు. 1965లో మాస్కో నగరమున ఉన్నత పాఠశాలా విద్యార్థుల కొఱకు భాషాశాస్త్ర ఒలింపియాడ్ ప్రారంభమయ్యెను. 2003లో బల్గేరియా దేశమున అంతర్జాతీయ పోటీ మొదలయ్యెను. మన దేశమునుండి వెళ్లువారిని పాణిని పేరుతో నడచు ఒలింపియాడ్ ద్వారా ఎన్నుదురు. 2016లో అంతర్జాతీయ పోటీ మైసూరులోనే జరిగినది. ఇందు విద్యార్థికి తాను ఎన్నడు వినని భాషలోని కొన్ని పదములను, వాని యర్థములను ఇత్తురు. వానినుండి ఆ భాషానియమమును అతడు తానే కనిపెట్టవలెను. వ్యాకరణము ముందుగ చదివియుండనక్కఱలేదు.

ఈ పద్ధతిని మన తరగతిగదికి తెచ్చుట కష్టము కాదు. తొమ్మిదవ తరగతి విద్యార్థుల యెదుట ఈ క్రింది మాటల నుంచుడు. గుడి, బడి, మడి, కోడి అనునవి బహువచనమున గుళ్లు, బళ్లు, మళ్లు, కోళ్లు అగును. ఊరు, నోరు, గోరు అనునవి ఊళ్లు, నోళ్లు, గోళ్లు అగును. కాలు, వేలు అనునవి కాళ్లు, వేళ్లు అగును. కాని జడ, గోడ, చీర అనునవి జడలు, గోడలు, చీరలు అగును. కారణమేమని అడిగినచో, పదాంతమందు ఇకార ఉకారములున్నపుడు అచ్చు లోపించి ళ్లు వచ్చుచున్నదనియు, అకారమున్నపుడు రాలేదనియు విద్యార్థులు తామే గ్రహింతురు. పిమ్మట నాడి యను మాట నిండు. అది నాళ్లు కాక నాడులు అగుచున్నది. అది సంస్కృతమునుండి వచ్చినదని తెలిసికొందురు. కారు అను మాట నిండు. అది కార్లు అగును గాని కాళ్లు కాదు. అది మొన్న వచ్చిన మాట. ఇక పేరు అను మాట నిండు. అది సంస్కృతము కాదు, ఇంగ్లీషు కాదు. ఐనను వ్రాతలో పేర్లు అగుచున్నది. పేళ్లు అను వా రెవరైన నున్నారా? ఏ యూరిలో? ఏ వయస్సువారు? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకమున సమాధానము లేదు. విద్యార్థి ఇంటికి పోయి అవ్వను, తాతను, పొరుగువారిని అడిగి వ్రాసికొని రావలెను. ఇరువది యూళ్లనుండి వచ్చిన విద్యార్థులు ఇరువది సమాధానములు తెచ్చినపుడు అచ్చట పరిశోధన ఆరంభమైనట్లే.

ఐర్లండు దేశపు నిదర్శనము

బాలబాలికలు చేర్చిన సామగ్రి నమ్మదగినదేనా, దానితో పండితులకు పని యేమి యను సందేహము కలుగుట సహజము. దీనికి ఐర్లండు దేశమున జరిగిన పని సమాధానము చెప్పును.

ఐర్లండు జానపదవిజ్ఞాన సంఘము 1935లో ఏర్పడెను. ఆ దేశపు ప్రాచీనభాష మాటలాడువారు నానాటికి తగ్గుచుండిరి. కథలు, పాటలు ఎఱిగిన వృద్ధులు ఒక్కొక్కరుగ గతించుచుండిరి. సంఘమునకు గల సేకర్తలు బహుకొలదిమంది. దేశమంతటిని వారు తిరుగుట అసాధ్యము. అందువలన 1937లో సంఘము ప్రాథమిక పాఠశాలల సహాయమును కోరెను. సంఘమునకు సంచాలకుడైన షేమస్ ఓ డులెర్గ, అందలి గ్రంథనిర్వాహకుడైన షాన్ ఓ సూలవాన్ ఈ పనికి ముఖ్యులు. ఉపాధ్యాయులకు ఒక చిన్న మార్గదర్శక పుస్తకము పంపబడెను. అందు స్థలపురాణములు, సామెతలు, పొడుపుకథలు, ఆటలు, వైద్యములు, చేతిపనులు, వాతావరణ సూచనలు మున్నగు శీర్షికల క్రింద అడుగవలసిన ప్రశ్నలుండెను. పదునొకండు మొదలు పదునాలుగేండ్లవఱకు గల పిల్లలు తమ తల్లిదండ్రులను, తాతలను, ఇరుగుపొరుగువారిని అడిగి వ్రాసికొని వచ్చిరి. తరగతిలో వ్యాసరచనకు కేటాయించిన కాలమునే ఈ పనికి వినియోగించిరి. చెప్పినవారి పేరు, ఊరు తఱచుగ వయస్సుతో గూడ గుర్తించిరి. మంచి వ్రాతలను పెద్దపుస్తకములోనికి ఎక్కించిరి.

1939లో పని ముగియునప్పటికి ఐదువేల పాఠశాలలనుండి, 50,000 మందికి మించిన బాలబాలికలు వ్రాసిన పుటలు చేరెను. పిల్లల వ్రాతపుస్తకములను, బైండు చేసిన సంపుటములను కలిపి లెక్కించినచో అవి దాదాపు 7,40,000 పుటలు. నేడు అవి డబ్లిన్ నగరములోని యూనివర్సిటీ కాలేజీలో భద్రముగ నున్నవి. అంతర్జాలమున చదువుటకు వీలుగ వానిని ఉంచినారు. 1935 నుండి 1970 వఱకు ఆ సంఘము చేర్చిన భాండాగారమును యునెస్కో 2017లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. ఆ సామగ్రియంతయు సమానమైన విలువ గలది కాదు. కొందఱు పిల్లలు పుస్తకములనుండి ఎత్తివ్రాసిరి. కొందఱు ఉపాధ్యాయులు భాషను దిద్దిరి. ఐనను పరిశోధకులు దానిని వివేకముతో పరిశీలించి వాడుకొనుచున్నారు. పిల్లలకు శాస్త్రము తెలియకున్నను, వృద్ధులతో వారికి గల చనువు ఏ పండితునికిని ఉండదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు కొండప్రాంతమున ఒక పాఠశాలలోని ఇంగ్లీషు తరగతి విద్యార్థులు 1966లో ఫాక్స్‌ఫైర్ అను పత్రికను ప్రారంభించిరి. వారు చుట్టుప్రక్కల వృద్ధులను కలిసికొని కొయ్య ఇండ్లు కట్టుట, సబ్బు చేయుట మున్నగు పనులను గుఱించి వారి మాటలలోనే వ్రాసిరి. 1972లో ఆ పత్రికావ్యాసములు గ్రంథముగ వెలువడి దేశమంతట ప్రచారము పొందినవి. ఈ రెండు నిదర్శనములలోను పనికి మూలము పెద్ద వేతనము కాదు. చక్కని ప్రశ్నావళి, శ్రద్ధ గల ఉపాధ్యాయుడు.

తెలుగునాట

పాఠశాలకును పరిశోధనకును సంబంధము మనకు క్రొత్త కాదు. గిడుగు వేంకటరామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠశాలోపాధ్యాయులుగ పనిచేయుచునే సవరలను చేరదీసి, వారివలన వారి భాషను నేర్చిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఏ విశ్వవిద్యాలయ పరిశోధకవృత్తియు వారి నందుకు పురికొల్పలేదు. తరువాతి తరమున బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో వెలువడి, పల్లెపాట విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయమని నిరూపించినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము 1962లో వ్యవసాయపదములతోను, రెండవది 1971లో చేనేతపదములతోను వెలువడినవి. ఒక్క నాగలిలోని భాగములకే ప్రాంతమునకొక పేరున్నదని ఆ గ్రంథము మనకు చూపినది.

ఆ పదములు చెప్పినవారి మనుమలు నేడు మన ఉన్నత పాఠశాలలలో చదువుచున్నారు. మోట తోలినవారు, ఏతమెక్కి నీరు తోడినవారు ఇంకను కొందఱున్నారు. ఆ పనులు మాత్రము మోటారు పంపులు, ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట చాలచోట్ల నిలిచిపోయినవి. 1956లో చట్టము ద్వారా మెట్రిక్ మానములు దేశమున ప్రవేశించినవి. అంతకుముందు సోల, తవ్వ, మానిక, కుంచము మున్నగు కొలతలు ఊరూర వాడుకలో నుండెను. ఏ కొలత ఎంతయను లెక్క అన్నిచోట్ల ఒకటి కాదు. ఆ భేదములను స్వానుభవముతో చెప్పగలవారికి నేడు డెబ్బది ఎనుబది ఏండ్లు దాటినవి. విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఒక్కడు ఎన్ని యూళ్లు తిరుగగలడు? పదవ తరగతి చదువు బాలిక తన యింటి అరుగుపైన కూర్చుండియే ఆ పని చేయగలదు.

ఇందు మఱొక ముఖ్యవిషయము కలదు. పరీక్షమార్గమున ముందుండువారు పుస్తకములు, శిక్షణ, ఇంగ్లీషు అందుబాటులో నున్నవారు. ఈ మార్గమున కుమ్మరి సారెను గుఱించి కుమ్మరి యింటి బిడ్డయే ప్రమాణము. మగ్గపు గుంటలోని ప్రతి పుల్లకును పేరు చెప్పగలిగినది నేతగాని కూతురు. ఏ జ్ఞానము తన పుట్టుకకు తక్కువతన మని ఆ బిడ్డ బడిలో దాచుకొనుచున్నదో, ఆ జ్ఞానమే ఇచ్చట విద్యగ గౌరవింపబడును. పరిశోధకవృత్తికి ఇంతకంటె మంచి ప్రయోజనము నేను ఊహింపలేను.

చేయదగిన పని

దీనికి పెద్ద పథకము కాని, ప్రభుత్వాజ్ఞ కాని అవసరము లేదు. ఒక్కొక్క తెలుగు శాఖ తన సమీపమునందలి ఐదాఱు ఉన్నత పాఠశాలలతో మొదలుపెట్టవచ్చును. సంవత్సరమునకు ఒకే విషయమును తీసికొనుట మంచిది. ఒక ఏడు కొలతలు, ఒక ఏడు పొలముల పేర్లు, ఒక ఏడు జోలపాటలు. శాఖలోని పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళిని సిద్ధపఱచి, పాఠశాలకు పోయి, ఎట్లు అడుగవలెనో, ఎట్లు వ్రాయవలెనో ఒక దినము నేర్పవలెను. విన్నది విన్నట్లే వ్రాయుట, చెప్పినవారి ఊరు, వయస్సు, వృత్తి గుర్తించుట, తెలియనిచోట తెలియదని వ్రాయుట అనునవి ప్రథమసూత్రములు. పాఠశాలలోని తెలుగు పండితుడు మాండలికమును శిష్టభాషగ దిద్దకుండ జాగ్రత్త పడవలెను. తప్పుగ తోచిన రూపమే కొన్నిమార్లు మనకు కావలసిన రూపము.

ప్రతి పాఠశాలనుండి ఒకరిద్దఱికి చిన్న వేతనము ఏర్పాటు చేయవచ్చును. అది పుస్తకములకు, ప్రక్కయూరికి పోయి వచ్చు బస్సు ఛార్జీలకు చాలినంత యున్న చాలును. వేసవిలో వారిని ఒక వారము శాఖకు రప్పించి, గ్రంథాలయమును, తాళపత్రములను చూపి, తాము తెచ్చిన సామగ్రిని నిఘంటువులతో పోల్చుట నేర్పవలెను. వారు వ్రాసిన నివేదికలు పుస్తకరూపమున శాఖలో భద్రపఱుపబడవలెను. ఆ సామగ్రిని సిద్ధాంతవ్యాసమున వాడుకొన్న పరిశోధకుడు విద్యార్థి పేరును, పాఠశాల పేరును తప్పక పేర్కొనవలెను.

ఈ చివరి నియమము పాటింపబడనిచో ఇది విద్యార్థులచేత ఉచితముగ చాకిరి చేయించుకొనుట యగును. ఇతర ప్రమాదములును కలవు. ఉపాధ్యాయుని మెప్పుకై విద్యార్థి లేని మాటలు కల్పింపవచ్చును. అంతర్జాలమునుండి గాని, ప్రశ్నించినంతనే వ్యాసములల్లి యిచ్చు యంత్రములనుండి గాని ఎత్తివ్రాయవచ్చును. చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు అడుగుటయు, ఒకే ప్రశ్నను ఇరువురు విద్యార్థులచేత వేఱువేఱుగ అడిగించుటయు దీనికి కొంత విరుగుడు. వృద్ధులు చెప్పినదానిని వారి యనుమతి లేనిదే అచ్చువేయరాదు. కులనామములతోను, కుటుంబవిషయములతోను కూడిన సంగతులలో మఱింత జాగ్రత్త అవసరము.

1963లో మన దేశమున మొదటి వేతనములకు ఎంపికైనవారు పది మంది. వారు తమ పనిని గుఱించిన నివేదికలను చేతబట్టుకొని పరీక్షకు వచ్చిరి. ఆ నివేదిక పథకమునుండి తొలగినపుడు తొలగినది ఒక కాగితముల కట్ట మాత్రమే కాదు. నీవు ఏమి కనుగొంటివి అని బాలుని అడుగు ప్రశ్న. ఆ ప్రశ్నను మఱల అడుగుటకు ప్రభుత్వ పథకములకై వేచియుండనక్కఱలేదు. ఈ పత్రికను చదువు అధ్యాపకులలో ఒక్కరు ఈ వేసవిలో ఒక్క పాఠశాలకు ఒక్క ప్రశ్నావళిని తీసికొనిపోయినను, వచ్చు సంచికలో చర్చించుటకు మనకు క్రొత్త సామగ్రి యుండును.